మారుపేరుతో పోయిన తమ్ముడు

“మీరే! మీరందరు కూడి నా తమ్ముణ్ణి రెండుసార్లు చంపిండ్రు! ఒకసారి బొగ్గుబాయిల కప్పు కూలి పోయిండు... అది దేవుడు చేసిండనుకొని ఊకున్న. రెండోసారి గీ ఇంట్లనే, గీ సోఫాల మీద కూసోని, నేను పోసిన చాయ్ తాగుకుంట మీరు చంపిండ్రు!”

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. గోదావరిఖనిలో ఎమ్మెల్యే లింగమూర్తి ఇల్లు అది. ముందు గది నిండా కండువాలు వేసుకున్న మనుషులు. ఎవరి కప్పు వారి చేతిలోనే ఉండిపోయింది! ఎందుకంటే అరిచింది ఎదుటి పార్టీ వాళ్లు కాదు, గేటు ముందు ధర్నాకు వచ్చినవాళ్లు కాదు... ఎమ్మెల్యే భార్య అనసూర్య! ఇన్నేళ్లుగా ట్రే పట్టుకుని వచ్చి, తలవంచుకుని లోపలికి వెళ్లిపోయే మనిషి. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఆ గదిలో సగం మందికి ఆ రోజే తెలిసింది.

ఆమె చేతిలో ఒక ఉత్తరం ఉంది. గుడి కల్యాణం పత్రికల కట్ట తెమ్మని భర్త పంపితే బీరువా తెరిచింది. కట్ట కింద ఈ కవరు దొరికింది. పైన ‘కుమారి సంధ్యారాణి’ అని మేనకోడలి పేరు ఉంది. చింపి, చదివి, మళ్లీ మడిచి దాచిన కవరు! అనసూర్య చదివింది అయిదో తరగతి. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివింది. అందులో ఉన్నది ఇదీ...

‘మీ తండ్రిగా మీరు చెబుతున్న రాజం, మా రికార్డులలోని జగదీశ్వర్ ఒక్కరేనని రుజువు కావలసి ఉన్నది. ఆయనను కొలువులో చేర్చినవారు గాని, చేరిన నాటి నుండి ఎరిగిన దగ్గరి రక్తసంబంధి గాని సోమవారం ఉదయం పదకొండు గంటలకు విచారణకు హాజరు కావలెను. ఎవరూ రానిచో దరఖాస్తు మూసివేయబడును.’

సోమవారం అంటే రేపే! ఉత్తరం వచ్చి నలభై రోజులైంది!

“లోపలికి పో అనసూర్యా,” అన్నాడు లింగమూర్తి, తల ఎత్తకుండా.

“పోను.”

“అమ్మా, మీరు జర నిమ్మలపడుండ్రి,” అంటూ లేచాడు కిషన్. లింగమూర్తి వెంట నీడలా తిరిగే కార్యకర్త. “సారు అన్నీ ఆలోచన చేసే పక్కకు పెట్టిండు. వచ్చే వారం టికెట్ల లిస్టు వస్తది గదా...”

“నువ్వు నోరు మూస్కో కిషన్! నీ పెండ్లికి తలంబ్రాల బియ్యం కలిపిన చేతులు ఇవి. నాకు నువ్వు టికెట్ల ముచ్చట చెప్తున్నవా? మా తమ్ముని బిడ్డ ఏడాది సంది ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నది. దాని కాయితం మీద మీరు కల్యాణం పత్రికలు పెట్టిండ్రు!”

ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని బయటికి నడిచారు. నాయకుడి ఇంట్లో గొడవ చూడటం మర్యాద కాదని వెళ్లారట! పిల్ల ఉత్తరం దాచిపెట్టడం మాత్రం వాళ్ల మర్యాదకు అడ్డురాలేదు.

అసలు సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి, లేకపోతే ఆ తల్లి గోడు అర్థం కాదు. తల్లి అనే అంటాను. కడుపున పుట్టకపోయినా సంధ్యారాణికి మూడో ఏట నుంచి అన్నం కలిపి పెట్టింది ఈ మేనత్తే!

లింగమూర్తిది ఈ గడ్డ కాదు. ప్రాణహిత నది అవతలి గట్టు. అక్కడ ఆయన తల్లి సున్నపు బట్టీల దగ్గర రాళ్లు మోసేది. ఒక ఎండాకాలం, తలమీద గంపతోనే కూలిపోయి, మళ్లీ లేవలేదు. పదమూడేళ్ల కొడుకు ఆ గంపలోని రాళ్లు తీసి పక్కన పెట్టి, తల్లిని ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, తన ఇంటి ఆడది ఎవరూ గడప దాటి పనికి పోకూడదని! ఆ ఒట్టే తర్వాత ఆయన రాజకీయమైంది. జనం దాన్ని సంప్రదాయం అన్నారు. అది ఒక కొడుకు ఏడుపని అనసూర్య ఒక్కదానికే తెలుసు.

పెళ్లయిన ఏడాదే ఇద్దరూ పడవ ఎక్కి నది దాటి వచ్చారు. లింగమూర్తి బొగ్గు ఎత్తే ఫిల్లరుగా చేరాడు. తట్టలతో టబ్బులు నింపే పని. సమ్మె వచ్చినప్పుడు గేటు ముందు తొమ్మిది రోజులు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. లేచేసరికి నాయకుడయ్యాడు. ఆ బాయికి యూనియన్ పెద్ద, అక్కడి మాటలో ఫిట్ సెక్రటరీ అయ్యాడు. గుడి కట్టించాడు, భజన మండలి పెట్టించాడు. తర్వాత రెండుసార్లు ఎమ్మెల్యే. ఎవరింట చావు జరిగినా ముందుగా పాడె పట్టేది ఆయనే. అబద్ధం ఎందుకు, మంచి చేశాడు! కానీ మైకు పట్టుకుంటే రెండే మాటలు. ఒకటి, ఇక్కడి కొలువులు ఇక్కడి బిడ్డలకే. రెండు, ఆడపిల్లలు బాయిలో దిగడం మన ఇళ్ల పద్ధతి కాదు. అవతలి గట్టు నుంచి వచ్చిన మనిషి ఆ మొదటి మాట ఎందుకంత గట్టిగా అరుస్తున్నాడో ఎవరూ అడగలేదు. పరాయివాడన్న మాట పడకూడదనే కదా, సొంతవాళ్లకంటే గట్టిగా అరిచేది!

ఇక రాజం. అనసూర్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పద్దెనిమిదేళ్ల వయసులో అక్క దగ్గరికి వచ్చాడు. అప్పుడు వాళ్లు సెంటినరీ కాలనీలో రెండు గదుల క్వార్టరులో ఉండేవారు. ఆ రోజుల్లోనే జగదీశ్వర్ అనే ఊరి పిల్లవాడికి కొలువు కాగితం వచ్చింది. వాడు ఒక్క రోజు బాయిలో దిగి, చీకటికి జడిసి, దుబాయ్ విమానం ఎక్కాడు. కాగితం మిగిలింది. ఫిట్ సెక్రటరీ లింగమూర్తి ఆ కాగితం మీద బామ్మర్దిని నిలబెట్టాడు. బొగ్గుబాయిల దగ్గర దీన్ని మారుపేరు అంటారు. ఒకరి పేరు మీద ఇంకొకరు బతుకంతా డ్యూటీ చేయడం. పనిచేసేది ఒక మనిషి, హాజరు మస్టర్లో పేరు ఇంకో మనిషిది!

పేరు మార్చుకుంటే చాలదు, ఆ పేరుకు పలకాలి కదా! అది నేర్పింది అనసూర్యే...

రాజం భోజనానికి కూర్చోగానే ఆమె వెనక నుంచి “జగదీశ్వర్!” అని పిలిచేది. వాడు వినపడనట్టు అన్నం కలుపుకుంటూ ఉండేవాడు. “ఓ జగదీశ్వర్!” ఊహూ. అప్పుడు నెమ్మదిగా “రాజం...” అనేది. “ఆఁ అక్కా!” అని తిరిగేవాడు. “తిరిగినవా! ఇయ్యాల నీకు కూర లేదు పో!” అని గిన్నె దూరం జరిపేది. పక్క క్వార్టరులో ఉండే సుగ్రా బీ ఇదంతా గోడలోంచి విని పకపకా నవ్వేది. నీళ్ల పంపు దగ్గర ఆమె కూడా పరీక్ష పెట్టేది. “క్యా జగదీశ్వర్ భాయ్, ఖానా హోగయా?” అని, భోంచేశావా అన్నట్టు. వాడు బిందె పట్టుకుని అటూ ఇటూ చూసేవాడు, ఎవరిని అడుగుతోందా అని!

పదిహేనో రోజున అనసూర్య “రాజం” అని పిలిచింది. తిరగలేదు. “జగదీశ్వర్” అంది. “ఆఁ అక్కా!” అన్నాడు. వాడు గెలిచినట్టు నవ్వాడు. ఆమె కూర గిన్నె మొత్తం వాడి పళ్లెంలో వంచి, పొయ్యి వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ పెట్టిన పేరుకు పలకడం మానేశాడు తమ్ముడు... మాన్పించింది తనే!

ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే దిగాడు, ఆ పేరుతోనే ఎక్కాడు. పెళ్లి పత్రికలో రాజం. బిడ్డ బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు రాజం. భార్య జ్వరంతో పోయినా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. బిడ్డను అక్క ఒడిలో పెట్టి, తను షిఫ్టులు చేశాడు. సంధ్యారాణి మైనింగ్ డిప్లొమా చదువుతానంటే మామ వద్దన్నాడు, తండ్రి ఒక్కడే “సదువనియ్యి బావా, దానికి చీకటంటే భయం లేదు” అన్నాడు. నిరుడు ఎండాకాలంలో, మొదటి షిఫ్టులో, కప్పు కూలింది.

దవాఖాన ముందు శవాన్ని దించినప్పుడు దండల మీద ‘జగదీశ్వర్‌కు జోహార్లు’ అని రాసి ఉంది. ఆడవాళ్లు శోకం పెడితే పోయినవాడి పేరు పట్టి ఏడుస్తారు. అనసూర్య నోరు తెరిచింది... ఏ పేరు పట్టి ఏడవాలి? పక్కన అధికారులు, యూనియన్ వాళ్లు, పత్రికల వాళ్లు. భర్త కళ్లతోనే హెచ్చరిస్తున్నాడు. “తమ్మీ... ఓ నా తమ్మీ...” అని మాత్రమే ఏడ్చింది. పేరు లేని ఏడుపు ఏడ్చింది! ఎంత ఏడ్చినా గుండెలో ఒక ముక్క అలాగే మిగిలిపోయింది.

ఇదిగో, వారసురాలిగా ఆ తమ్ముని కొలువు తనకు ఇవ్వమని సంధ్యారాణి పెట్టుకున్న దరఖాస్తుకు వచ్చిన జవాబే బీరువాలో నలభై రోజులు నలిగింది!

మనుషులంతా వెళ్లిపోయాక లింగమూర్తి లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాడు. అనసూర్య గుమ్మంలో నిలబడింది. సంధ్యారాణి పరుగున వచ్చి ఉత్తరం చదువుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. పెదవి కొరుక్కుంది.

“మామా, నాకు కొలువొచ్చుడు నీకు ఇష్టం లేకుంటే చెప్పకపోయినవా? కొట్లాడుకుందుము. గాని కాయితం దాసుడేంది?”

“బిడ్డా, నిన్ను బాయిల దింపుడు నాకు ఇష్టం లేదు. టీచర్ కొలువు సూస్త. మంచి సంబంధం సూస్త. నీకేం తక్కువ జేసిన చెప్పు?”

“ఏం తక్కువ జెయ్యలే మామా. గని నేను దరఖాస్తుల నాయిన పేరు రాసి ఇస్తే, కౌంటర్ కాడ ఏమన్నరో ఎరికేనా? ‘రాజం అనేటాయన మా తాన ఎన్నడూ పని చెయ్యలేదమ్మా’ అన్నరు! ముప్పై ఏండ్లు చేసిన మనిషి... అసలు లేడన్నరు మామా!”

అప్పుడు ఆ పిల్ల ఏడ్చేసింది. అనసూర్య దగ్గరికి తీసుకుని తల నిమిరి, “పో బిడ్డా, మొఖం కడుక్కో. నేను మాట్లాడుత,” అని పంపింది.

లింగమూర్తి తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎమ్మెల్యే అయినా ఆ చేతుల్లో బొగ్గు గీతలు నల్లగా అలాగే ఉన్నాయి.

“పద్ధతి, సంప్రదాయం అని నువ్వంటే నిజమనుకున్న,” అంది అనసూర్య మెల్లగా. “మీ అవ్వ యాదికొచ్చి అంటున్నవనుకున్న. అందుకే ఏడాది సంది పిల్లనే సముదాయించిన. గని నీది పద్ధతి గాదు... భయం!”

లింగమూర్తి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“భయమే! కాదన్ననా? అవతలి గట్టోడు, అవతలి గట్టోడు అని ఇప్పటికే నన్ను ఏడిపిస్తున్నరు. ఇక్కడి బిడ్డలకే కొలువులని ఇరవై ఏండ్ల సంది నేనే అంటి. రేపు నేనే పోయి, బామ్మర్దిని దొంగపేరు మీద పెట్టిచ్చిన అని చెప్పాల్నా? రేపు పొద్దుగాల పది గంటలకు ప్రెస్ వాళ్లను పిలిచిన. ఆడోళ్లను బాయిల దింపద్దని మాట్లాడాలె. హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నరు. ఎలక్షన్లు ఒడువనియ్యి అనసూర్యా... నీ కాళ్లు మొక్కుత!”

“అప్పటిదాంక ఫైలు ఆగుతదా?”

ఆయన మళ్లీ అరచేతుల వైపు చూపు దించాడు.

అనసూర్య వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. కొంగుతో ఆయన మొహం తుడిచింది. కోపం ఉంది... అయినా తుడిచింది! నలభై ఏళ్ల కింద పడవలో, నీళ్లు చూసి జడిసిన తనను పట్టుకుని కూర్చున్న మనిషి కదా ఇతను! తొమ్మిది రోజులు తిండి మానేసి నలుగురి కోసం కూర్చున్న మనిషి కదా!

“నువ్వు రాకు,” అంది. “నీ ప్రెస్ నువ్వు పెట్టుకో. నేను పోత.”

“నువ్వా!” లింగమూర్తికి నవ్వొచ్చింది. “ఆఫీసుల మొగోళ్ల నడుమ కూసోని ఏం చెప్తవ్? నువ్వెన్నడన్న బ్యాంకుకన్న ఒక్కదానివి పోయినవా?”

“పోలే. నువ్వు పోనియ్యలే, నేను పోలే. గని పేరు నేర్పింది నేను గదా... చెప్పేది గూడ నేనే!”

ఆ మాట అని లేచి వంటింట్లోకి వెళ్లి, ఆయనకు అన్నం పెట్టింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేక పోయాడు.

సోమవారం పొద్దున ఇంటి ముందు కార్లు ఆగుతుంటే, అనసూర్య, సంధ్యారాణి వెనక గేటు నుంచి బయటికి వచ్చారు. సుగ్రా బీ కొడుకు రఫీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. వెనక సీట్లో సుగ్రా బీ ఉతికిన బురఖాతో, ఒళ్లో నీళ్ల సీసాతో దర్జాగా కూర్చుని ఉంది.

“రా అనసూర్యా, జల్ది ఎక్కు. మొఖమేంది గట్ల పెట్టినవ్? జడ్జి కాడికి పోతలేం, ఆఫీసుకు పోతున్నం.”

“నా కాళ్లు వణుకుతున్నయే సుగ్రా!”

“నావి గూడ వణుకుతున్నయి. గని నావి మోకాళ్ల నొప్పులు, నీది భయం. ఏం ఫికర్ చెయ్యకు. నువ్వు మర్చిపోతే నేను చెప్త. గోడ అవతల ఉండి అన్నీ నేనే ఇన్న గదా! పదిహేను దినాలు నవ్వీ నవ్వీ నాకు కడుపు నొచ్చింది. నా మొగడు దవాఖాన తీస్కపోత అన్నడు!”

సంధ్యారాణి ఏడాది తర్వాత నవ్వింది ఆ మాటకు. ఆ నవ్వు చూసి అనసూర్యకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆఫీసు వరండాలో పొడవాటి బెంచీ. దాని మీద నలుగురైదుగురు ఆడవాళ్లు, ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. ఎన్నాళ్లుగా వస్తున్నారో, ఆ కవర్ల అంచులు పసుపెక్కి ఉన్నాయి. అనసూర్యను చూసి లేవబోయారు, ఎమ్మెల్యే గారి భార్య అని. “కూసోండ్రి, కూసోండ్రి,” అని సిగ్గుపడి లోపలికి నడిచింది.

విచారణ అధికారి పడుచువాడు, మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు. తలుపు వైపు చూశాడు. “ఎమ్మెల్యే సార్ రావడం లేదా అమ్మా?”

“రారు బిడ్డా. నేనొచ్చిన.”

“అంటే... సాక్ష్యం కదమ్మా. మగవాళ్లు ఎవరైనా...”

సంధ్యారాణి ఉత్తరం బల్ల మీద పెట్టి వేలు చూపించింది. “దగ్గరి రక్తసంబంధి అని ఉంది సార్. మగవాళ్లని ఎక్కడ ఉంది?”

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. “నిజమే. ఎక్కడా లేదు,” అని పాత ఫైలు తెరిచాడు. “చెప్పండమ్మా. ఈ జగదీశ్వర్ ఎవరు?”

“మా తమ్ముడు. రాజం. మా అవ్వ పెట్టిన పేరు అది.”

మొదట మాటలు ముద్దముద్దగా వచ్చాయి. తర్వాత ఆగలేదు... ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. కుడి మోకాలి మీద చిన్నప్పుడు పడవ చెక్క గీరిన గాటు. అధికారి ఫైల్లో, తర్వాతి వైద్య పరీక్షల్లో రాసిన గుర్తులతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. కలుస్తున్నాయి! క్వార్టరు, భోజనం, వెనక నుంచి పిలుపు, దూరం జరిపిన కూర గిన్నె... రాస్తున్న గుమాస్తా కలం ఆపి వింటూ ఉండిపోయాడు.

“సచ్ హై సాబ్, నిజమే!” అంది సుగ్రా బీ. “నల్లా కాడ నేను గూడ పిలిస్తి. గా పోరడు బిందె పట్కొని పిచ్చోని లెక్క సూసేటోడు. రాసుకో! నా పేరు సుగ్రా బీ, పక్క క్వార్టరు!”

అధికారి చిన్నగా నవ్వి, మళ్లీ గంభీరమయ్యాడు. “అంతా బాగుందమ్మా. ఒక్కటే మిగిలింది. ఆయనను ఈ పేరు మీద చేర్పించింది ఎవరు? అది లేకపోతే ఈ సాక్ష్యం నిలబడదు.”

అనసూర్య సుగ్రా బీ వైపు చూసింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్త పేరు నోటితో పలికి ఎరగదు! ఆ ఇళ్లలో ఆడవాళ్లు పలకరు. ‘మా ఇంటాయన’ అంటారు, ‘ఆయన’ అంటారు. జనాభా లెక్కల వాళ్లు వచ్చినా, రేషన్ కార్డు వాళ్లు వచ్చినా సుగ్రా బీనే గోడ మీద నుంచి పేరు చెప్పేది. పేరు పలికితే మొగుని ఆయుష్షు తగ్గుతుందట! ఈ రోజు ఈ గదిలో ఆ పేరు పలికితే తగ్గేది ఆయుష్షు కాదు... ఆయన ముప్పై ఏళ్ల కష్టం మొత్తం పోతుంది! టికెట్ పోతుంది, పరువు పోతుంది, కేసు కూడా కావచ్చు. పలకకపోతే? తమ్ముడు ఎప్పటికీ లేని మనిషే. బిడ్డ ఎవరూ లేని మనిషి బిడ్డే!

అలవాటుగా సుగ్రా బీ నోరు తెరవబోయింది. అధికారి చెయ్యి ఎత్తాడు. “లేదమ్మా. ఆమె వాంగ్మూలం. ఆమే చెప్పాలి.”

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. అనసూర్య తల తిప్పింది. లింగమూర్తి! తెల్లబట్టలు చెమటతో తడిసి ఉన్నాయి. పదకొండు దాటింది, మైకుల ముందు ఉండవలసిన మనిషి. తనను ఇంటికి లాక్కుపోవడానికే వచ్చాడనుకుంది. ఆయన కూడా నిజంగా అందుకే వచ్చాడు! కానీ తలుపు దగ్గరికి వచ్చేసరికి కూర గిన్నె మాట చెవిన పడింది. నాలుగు మాటలు విని, ఆ గడప దగ్గరే ఆగిపోయాడు.

ఇద్దరి చూపులు కలిశాయి. ఆమె కళ్లనిండా నీళ్లు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

“లింగమూర్తి,” అంది అనసూర్య. “మా ఇంటాయన. అప్పుడు ఫిట్ సెక్రటరీ. ఆయనే పెట్టిచ్చిండు.”

సుగ్రా బీ చెయ్యి వచ్చి అనసూర్య భుజం మీద వాలింది.

లింగమూర్తి నెమ్మదిగా లోపలికి వచ్చాడు. అధికారి లేచి నిలబడితే కూర్చోమని సైగ చేశాడు. తను మాత్రం కూర్చోలేదు. తట్ట దించిన మనిషిలా భుజాలు వదులయ్యాయి.

“ఆమె చెప్పింది అచ్చమైన నిజం. నేనే పెట్టిచ్చిన. నా సంతకం గూడ తీస్కోండ్రి,” అన్నాడు. “ఇంకోటి గూడ రాసుకోండ్రి. రాజం ఒక్కడే గాదు. నది అవతల నుంచి వచ్చినోళ్లను ఇంకో పదకొండు మందిని గట్లనే పెట్టిచ్చిన. అందరి అసలు పేర్లు నాకు యాదికున్నయి. వాళ్ల ఇంటోళ్లకు, నాకు తప్ప వేరేటోళ్లకు ఎరుక లేవు.”

అనసూర్య నిర్ఘాంతపోయింది. పదకొండు మంది! నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి గుండెలో ఇంతమంది ఉన్నారని ఆమెకు తెలియనే లేదు!

“మామా...” అంది సంధ్యారాణి.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. పెద్దమనిషి మొహం చిన్నపిల్లవాడి మొహంలా ముడుచుకుపోయింది. “నువ్వు బాయిల దిగుడు నాకు ఇప్పటికీ మనసొప్పుతలేదు బిడ్డా. ఉన్నమాట చెప్తున్న. మా అవ్వ గంప నా కండ్ల ముంగట నుంచి పోతలేదు. గని నీ తండ్రి లేడని అన్నప్పుడు... నేనేం జేసిననో నాకు అప్పుడు సమజయింది. సమజయినా నోరు తెరవలే. తప్పయింది బిడ్డా!”

సంధ్యారాణి ఆయన చెయ్యి పట్టుకుంది. “నువ్వు రోజు గేటు కాడికొచ్చి నిలబడు మామా. నేను పైకొచ్చేదాంక కొట్లాడు. గని అక్కడ నిలబడు.”

లింగమూర్తి తల ఊపి, బల్ల దగ్గరికి వెళ్లి సంతకం పెట్టాడు. ఫోను మోగుతూనే ఉంది. తీయలేదు. తర్వాత అనసూర్య వైపు చూసి, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు. “కోపం పోయిందా?”

“పోలే,” అంది ఆమె, ముక్కు చీదుకుంటూ. “ఇంటికి పోయినంక అన్నం తిను. నిన్నటి సంది తినలే నువ్వు.”

అధికారి కాగితాలు సర్దుతూ, “ఈ కేసు నా సిఫారసుతో పైకి పంపుతానమ్మా. మిగతా వాళ్ల సంగతి వేరే. వాళ్లు విడివిడిగా దరఖాస్తు చేసుకుంటే, తేదీ ఇచ్చి...” అన్నాడు.

అనసూర్య లేచి నిలబడింది. తలుపు తెరిచి ఉంది. బెంచీ మీది ఆడవాళ్లు లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలి మాటలు విన్నారు. వాళ్లూ నది అవతల నుంచి వచ్చి, మారుపేరు కాగితాల కోసం ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లే. ఒకామె కవరును గుండెకు అదుముకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. ఏడ్వదా మరి! ఆమె మొగుడు కూడా వేరే పేరుతోనే పాడె ఎక్కాడు!

“తేదీ వద్దు బిడ్డా,” అంది అనసూర్య. “వాళ్ల కాయితాలు ఏండ్ల సంది మీ తాననే ఉన్నయి. చేర్పించిన మనిషి దొరుకుతలేడనే గదా పక్కకు పెట్టిండ్రు? ఇగో మనిషి! మీ ముంగటనే నిలబడ్డడు. మళ్ల ఎప్పుడు దొరుకుతడో, రేపు ఈయనను ఎవలు మాట్లాడనిస్తరో ఎవలకెరుక? కుర్సీలు ఏపియ్యుండ్రి. వాళ్లను లోపటికి పిలువుండ్రి. కలం తీయుండ్రి. ఈయన ఒక్కొక్క పేరు చెప్తడు, మీరు ఒక్కొక్కటి రాయుండ్రి. రేపు గాదు, ఎల్లుండి గాదు... ఇయ్యాల్నే, ఇప్పుడే, ఎవలి మనిషిని వాళ్లకు పేరు పెట్టి ఇయ్యుండ్రి!”